ఫ్లెక్సీలో మొదటి గుండ్రం

జనవరి 6

ఇవ్వాళ నేను రాసిన మాట బస్టాండ్‌లో విన్న. ఒక ముసలాయన ఇంకో ముసలాయనకు చెప్తున్నడు, మల్లేశయ్య ఉంటే నల్లా నీళ్లు, లేకుంటే కన్నీళ్లు అని. నిన్న హిస్టరీ క్లాసులో నోట్స్ వెనక రాసింది. నా పేరు లేదు. అయినా చెవులు వేడెక్కినయి.

రాయించింది పరమేషన్న. మల్లేశయ్య సార్‌కు సోషల్ మీడియా ఇంచార్జ్. సార్ మా వార్డుకు నిలబడ్డడు, గెలిస్తే మున్సిపల్ చైర్మన్ అయితడంట. కాలేజీ వ్యాసరచనలో నాకు ప్రైజ్ ఇచ్చింది సారే. ఆరోజే పరమేషన్న వచ్చి, నిఖత్, నీ తెలుగు మా పంతుళ్ల కంటే మంచిగున్నది, మాకు రాస్తవా అన్నడు. నేను రాసి పంపుత, ఆయన తన ఫోన్ నుంచి పెడతడు. ఆడపిల్లవు, నీ పేరెందుకు బయటికి? కేసులైతే నాకైతయి, నాకవి మెడల్స్ అన్నడు.

జనవరి 9

పరమేషన్న కథ ఆయన నోటనే విన్న. ఇంటర్ ఫెయిలై గోడల మీద సార్ పేరు రాసేటోడంట. తర్వాత సార్ కారు ముందు బైకు. యాచారం దిక్కు భూముల ధర్నాలో తోపులాటైతే, సార్ మీద పడాల్సిన దెబ్బ ఈయన చెవి మీద పడ్డది. అప్పటి నుంచి ఎడమ చెవి వినపడది. అటు దిక్కు కూసోకు, తిట్టినా నాకు తెల్వది అని నవ్విండు. ఎన్ని కేసులైనా సార్ ప్రతిసారి వకీలును పంపిండంట, జమానతు ఇప్పించి బయటికి తెచ్చిండంట.

చౌరస్తాలో ఫ్లెక్సీ చూపించిండు. పైన సార్ మొహం ఇంటంత. కింద కార్యకర్తల ఫొటోలు, గుండ్రంగుండ్రంగా, వరుసగా. మొదటి గుండ్రం పరమేషన్నది. ఆఖరి గుండ్రం నుంచి ఇక్కడికి రానీకి నా జవానీ అంతా అయిపోయింది అన్నడు. నిన్ను కూడా ఎక్కిస్త ఒకరోజు అన్నడు.

జనవరి 17

సార్ మీద నిలబడ్డ వజ్రమ్మ గెలిచేటట్టున్నది. చెరువు చేపలు అమ్మే వజ్రమ్మ. ఆమె చేప తినని ఇల్లు లేదు. ఓటడగనీకి పోతే కూసోబెట్టి చాయ్ పోస్తున్నరు.

చేప మీదనే కొట్టాలె అన్నడు పరమేషన్న. సార్ చెప్పిండంట. ఆమె చేపలు తిని ఒక పిలగాడు దవాఖాన పాలైండని రాయమన్నడు. ఏ పిలగాడు, అన్నా అని అడిగిన. నువ్వే పుట్టియ్యి అన్నడు.

జనవరి 18

మొదట రాసింది చచ్చినట్టున్నది. ఓ బాలుడు తీవ్ర అస్వస్థతకు గురయ్యాడు. ఎవరు ఏడుస్తరు దీనికి?

మళ్లీ కూసున్న. పిలగానికి పసుపు రంగు టిఫిన్ డబ్బా ఇచ్చిన. బడిలో వాని జాగలో ఆ డబ్బా అట్లనే ఉన్నది, ఎవ్వరికీ తియ్యనీకి మనసు వస్తలేదు అని రాసిన. అంతే, పిలగానికి ప్రాణమొచ్చింది. రోగం పేరు కాదు, డబ్బా రంగు. ఇది మరవొద్దు.

జనవరి 20

కందుకూరు ఆటోలో ఒకామె ఏడ్చింది. ఆ డబ్బా తను కళ్లారా చూసిందంట.

జనవరి 22

కావాలనే వజ్రమ్మ దిక్కు పోయిన. గంప చుట్టూ ఈగలే. నన్ను పిలిచింది. రా బిడ్డా, కొనకున్నా మానె, మొప్పలు ఎర్రగున్నయా లేవా చూసి చెప్పు అన్నది. మొప్ప ఎత్తి చూపింది. ఎర్రగనే ఉన్నయి. మస్తు ఎరుపు.

ఆ పిలగాడు ఎవరింటోడో చెప్పుండ్రి, పోయి కాళ్లు మొక్కుత అని పోయేటోళ్లను అడుగుతున్నది. ఎవరూ ఆగలే. నేను కూడా ఆగలే.

ఫిబ్రవరి 3

సార్ గెలిచిండు. వజ్రమ్మ పోలీస్ కంప్లైంట్ ఇచ్చింది. ఇంకో మెడల్ అనుకుంట పరమేషన్న స్వీట్లు పంచిండు.

ఫిబ్రవరి 6, పొద్దున

చైర్మన్ కావాల్నంటే సార్‌కు ఇంకో ఇద్దరు కౌన్సిలర్లు కావాలె. ఆ ఇద్దరు వజ్రమ్మ కులపోళ్లు. ముందు ఆ పోస్టు పెట్టినోన్ని లోపలెయ్యి, తర్వాత మాట్లాడుదాం అన్నరంట.

పరమేషన్నకు ఇదేమీ ఫికర్ లేదు. స్టేషన్‌కు పోయి ఉత్తగ సంతకం పెట్టి రా, వకీలు వెనకనే వస్తడు అన్నడంట సార్. ఫొటోలు తీస్తరని తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నడు. అక్రమ అరెస్టని పోస్టు రెడీ పెట్టు, ఊరంత ఏడవాలె అని నాకు ఫోన్ చేసిండు.

అదే రోజు, సాయంత్రం

రాసిన. వినపడని చెవి సంగతి పెట్టిన. మంచిగ కుదిరింది.

పంపేలోపు సార్ ఫోన్. నాకు నేరుగా చేసుడు ఇదే మొదలు. అమ్మా నిఖత్, వాడు మనోడు కాదని పద్ధతిగ రాయి అన్నడు. వకీలు పోయిండా సార్ అని అడిగిన. నువ్వు రాయమ్మా అన్నడు. ఆ చేపల ముచ్చట ఎవరు రాసిండ్రో వాడింక పోలీసులకు చెప్పలేదంట, మంచిదైంది కదా అని ఫోన్ పెట్టేసిండు.

రాసిన. "పరమేష్ అనే వ్యక్తితో మా నాయకునికి ఎలాంటి సంబంధం లేదు. ఒక కష్టజీవి నోటికాడి కూడు లాక్కున్న అతన్ని కఠినంగా శిక్షించాలి." పొద్దటి పోస్టు కంటే ఇదే బాగున్నది. ఒక్క మాట ఎక్కువ లేదు.

ఫిబ్రవరి 8

వకీలు పోలే. జమానతుకు ఎవరూ రాలే. చర్లపల్లి జైలుకు పంపిండ్రు.

ఫిబ్రవరి 10

పోశమ్మ వచ్చింది. పరమేషన్న తల్లి. మా అమ్మీ చాయ్ ఇస్తే ముట్టలే. జైలుకు ములాఖత్‌కు పోతే కొడుకు చెప్పిండంట, నిఖత్‌ను అడుగు, ఆ పిల్ల నా మీద రాస్తే సార్ మనసు కరుగుతది అని. నా పేరు ఎవరికీ చెప్పలేదంట, ఫికర్ చెయ్యొద్దన్నడంట.

ఇప్పుడే పోయి సార్ గేటు ముందు కూసుంట, వకీలును పంపేదాక లేవ అన్నది. కొంగు ముడిలోంచి ఫోన్ తీసింది. మావోని మీద సార్ ఏదో రాసిండంట, అందరు చదివి నా మొహం చూసి పోతున్నరు, ఒక్కరు చెప్పరు, నాకు సదువు రాకపాయె, జర చదువు బిడ్డా అన్నది. నేను రాసిందే.

చదివిన. పరమేష్ మా ఇంటి బిడ్డ అని చదివిన. ఆ తెల్ల చొక్కా మీద ఒక్క మరక కూడా పడనియ్యం అని చదివిన.

చొక్కా అనంగనే ఏడ్చింది. ఇస్త్రీకి నేనే ఇచ్చిన బిడ్డా అన్నది. నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. ఇగ సార్ ఇంటికెందుకు, ఆయనే చూసుకుంటడు అని లేచి, చల్లారిన చాయ్ తాగి, తన ఇంటికి పోయింది.

డబ్బా లెక్కనే. చొక్కా.

ఫిబ్రవరి 16

సార్ చైర్మన్ అయిండు. చౌరస్తాలో పాత ఫ్లెక్సీనే, మొదటి గుండ్రం మీద నా ఫొటో అతికించిండ్రు. పూర్తిగా కప్పలే. నా చున్నీ పక్కన పరమేషన్న ఎడమ చెవి కనిపిస్తున్నది.

వినపడని చెవే.