పెద్ద విమానం వెళ్లినప్పుడల్లా లేవండి

ఏమండీ,

వెన్నుకు ఆపరేషన్ అయినవాళ్లు లేచి తిరిగితే లోపలి గాయం గట్టిపడి నరాన్ని పట్టేస్తుందని మన వీధి అంతా నమ్ముతోంది. మహేశ్వరం జంగమ్మ కొడుకు ఆపరేషన్ తరువాత అలా నడిచినందుకే మంచం పట్టాడని సాక్ష్యం కూడా చెబుతున్నారు. నిన్న పక్కింటి శోభ వచ్చి, "జర కదలకుండ పండుకోండ్రి సారూ, లోపల గట్టిపడ్డదంటే ఇగ అంతే" అనగానే మీరు బుద్ధిగా తలూపారు. నేను రోజంతా బతిమాలినా ఊగని తల అది.

నేను షాద్‌నగర్ వెళ్తున్నాను, సాయంత్రానికి వస్తాను. అన్నం, పప్పు బల్ల మీద ఉన్నాయి. వంగి ఫ్రిజ్ కింది అర వెతకకండి, బకెట్ ఎత్తకండి. మన ఇంటి మీదుగా కిటికీ అద్దం అదిరేంత పెద్ద విమానం వెళ్లినప్పుడల్లా లేచి, వరండా చివరిదాకా నడిచి రండి. తరువాత పడుకుని, ఫిజియో నేర్పినట్లు మోకాలిని నెమ్మదిగా చాపి ముడవండి. నరం కదులుతూ ఉంటే లోపల గాయం మానేచోట పడే మచ్చకు అతుక్కునే అవకాశం తగ్గుతుందని డాక్టరుగారు చెప్పారు. మచ్చ అసలే పడదని ఆయన అనలేదు, నేనూ అనను. కాలి తిమ్మిరి పెరిగితే మాత్రం వెంటనే ఫోన్ చేయండి.

మిమ్మల్ని పట్టుకొని నడిపించే ఓపిక నాకింకా ఉంది. వాదించే ఓపికే మిగల్లేదు. మళ్లీ ఇద్దరం కలిసి కూరగాయల సంతకు నడిచి వెళ్లాలని ఉంది.

మరిచాను. జంగమ్మకు నేనే ఫోన్ చేసి అడిగాను. "వాడు నడిసిందెక్కడమ్మా, మేం భయపడి మంచం దిగనిస్తే కద!" అంది.