చీటీలో వచ్చిన పక్షం

నవంబర్ 27, గురువారం

పేర్లు చదివారు. నేను, మౌనిక. డిబేట్‌కి బడి నుంచి ఇద్దరే.

అంశం: డెల్టాలో రొయ్యల చెరువులు — వరమా? శాపమా? ఒకరు వరం అనాలి, ఇంకొకరు శాపం అనాలి. ఎవరికి ఏది అన్నది పోటీ రోజు చీటీ తీస్తే తెలుస్తుంది. మార్కులు మాత్రం ఇద్దరివీ కలిపి బడికి. మౌనికని ఓడించాలి, అది ఓడిపోకూడదు.

మౌనిక వాళ్లవి చెరువులు. వాటి దిగువన మా వరిచేలు. సోషల్ మాస్టారు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. “ఇంక ఊళ్లో ఎవరూ మాట్లాడక్కర్లేదు, మీరిద్దరు చాలు.”

డిసెంబర్ 1, సోమవారం

రెండు ప్రసంగాలూ మాస్టారే రాశారు. ఇద్దరం రెండూ కంఠతా పట్టాలి. చెయ్యెత్తాల్సిన చోట ఎర్ర పెన్నుతో గీత, గొంతు పెంచాల్సిన చోట రెండు గీతలు.

“ఒక్క మాట కలపకండి. ఒక్క మాట తియ్యకండి. సొంత తెలివి స్టేజీ మీద పనికిరాదు.”

వరం ప్రసంగంలో ‘చెరువు తవ్వాకే మా ఇంటికి శ్లాబు పడింది’ అని ఉంది. మాది రేకుల ఇల్లు. పది సార్లు అన్నాక నిజమేననిపించింది.

శాపం ప్రసంగంలో ‘మా ఆకుమడి మాడిపోయింది’ దగ్గర మౌనిక ఆగిపోయింది.

“మాకసలు ఆకుమడే లేదు కదండీ, మాస్టారూ.”

“మైకు ముందు ఉందనుకోమ్మా. ఎవరొచ్చి చూస్తారు?”

డిసెంబర్ 4, గురువారం

దాళ్వా పంటకి నాన్న ఆకుమడిలో నారు కోసం విత్తనం చల్లాడు. గోనె విప్పితే ప్రతి గింజకీ తెల్లటి మొలక. లోపల చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. జ్వరమొచ్చిన ఒంట్లా.

డిసెంబర్ 5, శుక్రవారం

మండల పోటీ. నాకు శాపం వచ్చింది. తేలికే. దానికి వరం.

పక్క ఊరి అబ్బాయి మధ్యలో మర్చిపోయి మళ్లీ ‘వేదికనలంకరించిన పెద్దలకు’ దగ్గరికి వెళ్లాడు. మళ్లీ అక్కడికే వచ్చి ఆగాడు. మూడోసారి పెద్దలే ‘చాలు బాబూ’ అన్నారు.

మాకు ఫస్టు. మా బడి మండలం దాటడం ఇదే మొదలు. మాస్టారు స్కూటర్ మీద ముందు వెళ్తూ చెయ్యి ఊపుతూనే ఉన్నారు, పడిపోతారేమో అనిపించేలా.

డిసెంబర్ 8, సోమవారం

చేల పక్క బోదెలోకి కాలువ నుంచి వంతు నీళ్లొచ్చాయి. నాన్న మడి తడిపాడు.

డిసెంబర్ 11, గురువారం

మొక్క ఎర్రబారింది. కొసలు కాలినట్టు.

“విత్తనం మోసం. కొట్టువాడు పాతది అంటగట్టాడు” — నాన్న. రేపు అమలాపురంలో జిల్లా పోటీ. ఎవరూ గుర్తు చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు.

డిసెంబర్ 12, శుక్రవారం

అమలాపురం. సూర్యం బాబాయి — మౌనిక వాళ్ల నాన్న — మమ్మల్నీ మాస్టారినీ తన బండిలో దింపాడు. దారిలో పునుగులు కొనిపెట్టాడు. నా భుజం తట్టి, “మా అమ్మాయి గొంతు, ఈ దుర్గ ధైర్యం. ఆయ్, ఇంకేం కావాలండి మాస్టారూ?” హాల్లోకి రాలేదు. రొయ్యల మేత కొట్టుకి వెళ్లాడు.

చీటీ. నాకు వరం. దానికి శాపం.

నేను ముందు. ఎక్కడా తడబడలేదు. శ్లాబు దగ్గర చప్పట్లు.

తరువాత అది. అది అంటుంటే నా పెదాలు కూడా కదులుతున్నాయి, అన్నీ వచ్చినవే కదా. ‘మా ఆకుమడి’ దగ్గరికి వచ్చింది. ఆగింది. మర్చిపోయిందనుకున్నాను. నేనే అందించబోయాను.

మర్చిపోలేదు.

“వంతు లేని రోజుల్లో చేలకి నీళ్లిచ్చే బోదె ఎండిపోయి ఉంటుందండి. మా చెరువు ఉప్పునీళ్లు అందులోకే వదులుతారండి. మురుగు కాలువ దాకా పైపు వెయ్యాలంటే దూరమని. మళ్లీ వంతు వచ్చినప్పుడు ముందొచ్చే నీళ్లతో ఆ ఉప్పంతా కింద వాళ్ల మడిలోకి పోతుందండి. వాళ్లకి తెలీదండి.”

కింద వాళ్లు ఇంకెవరూ లేరు. మేమే.

హాలంతా చప్పట్లు. జడ్జి మేడం కళ్లజోడు తీసి చూసింది. దానికి ఉత్తమ వక్త. ఇద్దరికీ కలిపి ఫస్టు. జోనల్స్ ఇరవై రెండున, రాజమండ్రిలో.

తిరిగి వస్తూ బండిలో అది కిటికీ వైపు. నేను ఇటు. బాబాయి ఈల వేస్తూ నడిపాడు.

డిసెంబర్ 13, శనివారం

నాన్నకి చెప్పలేదు.

డిసెంబర్ 15, సోమవారం

మాస్టారు మౌనికని స్టాఫ్ రూమ్ బయట నిలబెట్టారు. “ఎవరు కలపమన్నారు? అదృష్టం బాగుండి మార్కులొచ్చాయి. మీ నాన్న చెవిన పడితే రేపు నా పరిస్థితి ఏంటి?”

అది తల దించుకుని నిలబడింది. సారీ మాత్రం అనలేదు.

నాన్న కొత్త విత్తనానికి మండపేట వెళ్లాడు. ఈసారి మంచి కొట్టులోదట.

డిసెంబర్ 17, బుధవారం

ప్రాక్టీసు. నా గొంతు లేవడం లేదు. “ఏంటమ్మా, జలుబా?” అవునన్నాను.

డిసెంబర్ 18, గురువారం

సైకిళ్లు నడిపించుకుంటూ వచ్చాం. వంతెన దాటాక అడిగేశాను.

“ఎందుకు చెప్పావే అక్కడ?”

“ఇంట్లో చెప్పాను. నీకెందుకు పోవే అన్నాడు నాన్న. ఇంకెక్కడ చెప్పను? అక్కడైతే ఏం చెప్పినా ప్రసంగమే అనుకుంటారు.”

“నేను విన్నాను కదా.”

“నువ్వు ఉన్నావనే చెప్పాను.”

మళ్లీ అదే అంది — “రాజమండ్రి అయ్యేదాకా ఆగవే. తరువాత నీ ఇష్టం. ఇప్పుడు తెలిసిందంటే మా నాన్న నన్ను గుమ్మం దాటనివ్వడు. నేను లేకపోతే నువ్వూ లేవు.”

నిజమే. ఒక్కరిని రానివ్వరు.

“నాన్న ఆదివారం మళ్లీ చల్లుతున్నాడే” అన్నాను.

అది సైకిలెక్కి వెళ్లిపోయింది.

డిసెంబర్ 19, శుక్రవారం

నాన్న వడ్లు నానబోశాడు. చెప్పలేదు.

డిసెంబర్ 20, శనివారం

గోనెలో కట్టి పైన గడ్డి కప్పాడు. మొలక వచ్చాక ఆగదు, చల్లాలి. లేకపోతే కుళ్లిపోతుంది. వంతు నీళ్లు రేపు పొద్దున.

రెండు ప్రసంగాలూ అప్పజెప్పుకున్నాను. తప్పు ఒక్కటీ లేదు. అన్నం సగంలో లేచాను. అమ్మ నుదురు ముట్టుకుని చూసింది.

డిసెంబర్ 21, ఆదివారం

పొద్దున్నే నాన్న వెనకే వెళ్లాను. బోదెలోకి నీళ్లొచ్చేశాయి, నురగతో. గండి కొట్టడానికి పార ఎత్తాడు.

“నాన్నా, ఆ నీళ్లు పెట్టకు.”

“ఏంటే?”

“ఉప్పు నీళ్లవి. చెరువులో నీళ్లు ఇందులోకి వదులుతున్నారు. విత్తనం తప్పు కాదు.”

పార దించాడు. వంగి దోసిట్లో తీసుకుని నోట్లో పోసుకున్నాడు. ఉమ్మేశాడు. మళ్లీ ఒకసారి. గట్టు మీద కూలబడ్డాడు.

నీళ్ల వైపు చూస్తూ అన్నాడు — “చేలో ఉప్పు తేలితే చెరువు గట్టు నుంచి ఊట అనుకున్నానే ఇన్నాళ్లూ. అడిగితే ఊటే అంటాడు సూర్యం. ఆఫీసువాళ్లూ అదే అంటారు. వదులుతుంటే చూసినవాళ్లుండాలి. ఎవరు చెప్పారు నీకు?”

మౌనిక అని నోటిదాకా వచ్చింది.

“ఎవరూ చెప్పలేదు. నేనే చూశాను.”

“ఎప్పుడు?”

“బడి నుంచి వస్తుంటే. వంతు లేనప్పుడు. తూము ఎత్తి వదిలారు.”

ఎక్కడా తడబడలేదు. నాన్న నా మొహం చూశాడు, నమ్మాడు.

గోనె మూట సైకిల్ మీద వేసుకుని చెరువులకి ఎగువన ఉన్న పెదనాన్న మడికి వెళ్లాడు. ఒక మూల చల్లుకోనిచ్చాడట. మధ్యాహ్నం దాటాక వచ్చాడు, కాళ్లకి బురదతోనే.

“రేపు సోమవారం. ఎమ్మార్వో ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు. నువ్వు నాతో రా. చూసింది నువ్వు. నీ నోటితో చెప్పు. పోటీల్లో ఫస్టు వచ్చిన పిల్లవి, నువ్వు మాట్లాడితే వింటారు.”

అమ్మ అందుకుంది. “రేపు దానికి రాజమండ్రి పోటీ కదండీ.”

“పోటీ మళ్లీ ఏడాది ఉండదా? మడి ఉండొద్దూ?”

వచ్చే ఏడాదికి నేను ఆ బళ్లో ఉండను. పది అయిపోతుంది. ఆ మాట అనలేదు. సరే అన్నాను.

రాత్రి నాన్న రేపటికి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. అమ్మ నా యూనిఫాం కూడా అందించింది. ఏ ఊరికో అడక్కుండా దాన్ని కూడా చేశాడు.

ఇప్పుడే అమ్మ ఫోన్‌కి మౌనిక మెసేజ్ — ‘నాన్న ఆరింటికే బయల్దేరదాం అంటున్నాడు. బండి మీ గుమ్మంలోకే తెస్తాడట. ఈసారి హాల్లో కూర్చుని వింటాడట కూడా. నీకు ఇడ్లీ తెస్తున్నా, తినకుండా ఉండు.’

సరే అని పెట్టాను.