మా ఇంటి తలుపు మ్యూజియంలో

తమ్ముడు తియన్‌హోక్‌కి,

అమ్మా నేనూ కిన్మెన్ దీవికి చేరాం, అమ్మ మోకాలు బాగానే ఉంది, కంగారుపడకు.

ఈ ఉదయం కుణింగ్‌తౌ ఒడ్డున యుద్ధ మ్యూజియానికి వెళ్లాం. శత్రువులు పడవల్లో వచ్చి దిగుతారని, కందకాలు కప్పడానికి సైన్యం ఇక్కడి మన పాత ఇంటి తలుపు ఊడదీసుకుపోయిందని అమ్మ చెప్పేది కదా, అది అక్కడ గోడకు బిగించి ఉంది! చిన్నప్పుడు తనూ మామయ్యా ఎత్తు కొలుచుకుని కత్తితో పెట్టిన గీతలు చూసి గుర్తుపట్టింది. సైనికులకు గంజి ఇచ్చొస్తానని ఈ ఒడ్డుకే వెళ్లిన మామయ్య మళ్లీ ఇంటికి రాలేదు.

అమ్మ అలవాటుగా తలుపును మూడుసార్లు తట్టింది. అవతలినుంచి ఎవరో మూడుసార్లు తట్టారు.

"వెనక ఉత్త గోడేనమ్మా," అన్నాడు కాపలాదారు, రెండడుగులు వెనక్కి వేసి.

అమ్మ బెదరకుండా తలుపు దగ్గరికి వంగింది. "వెర్రి అన్నయ్యా! తలుపు ఇక్కడుందని ఇల్లూ ఇక్కడే అనుకున్నావా? పద, తైపీ పోదాం," అంది.

నా ఉల్లికాడలకు నీళ్లు పోస్తున్నావా? శుక్రవారం వస్తాం. దయ్యాలను ఆపడానికి మన తలుపు మీద అంటించిన ద్వారదేవతల బొమ్మల కళ్లకు ఎర్ర కాగితం అంటించు, చూస్తే వాళ్లు మామయ్యను లోపలికి రానివ్వరట. గంజి కాచి ఉంచు. పిల్లలకు అమ్మ దీవెనలు.

మేము బెల్లు కొడతాం. ఎవరైనా తలుపు తడితే మాత్రం, ఎవరని అడక్కుండా తియ్యి.

మీ అక్క,
సియోక్‌గిమ్