ఎర్లెండ్ ఫిడేలు తీగ

స్ట్రోమ్‌నెస్, ఓర్క్నీ
మంగళవారం

నా బంగారు మెర్రన్‌కి,

శనివారం నీ పెళ్లి ఊరేగింపులో నేను నడవను. మీరంతా చర్చి నుంచి ఫిడేలు వెనకాల నడిచి రండి, నేను కారులో ముందే వెళ్లి హాల్లో కూర్చుంటాను. విందులో అందరూ చేతులు మార్చుకుంటూ తాగే కాగ్ ముంతలో పోసే రమ్మూ విస్కీ వేడి చేయాలి గనక అని ఫోన్లో చెప్పింది అబద్ధం.

పోయిన చలికాలం పక్కింటి ఇసా కూతురి పెళ్లిలో నేను గోడ పట్టుకుని నడుస్తుంటే వెనక ఎవరో, "కాగ్ ముంత ఇంకా చేతులు మారనేలేదు, థోరా అప్పుడే ఊగుతోందే!" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఏడ్చాను. మల్టిపుల్ స్క్లెరోసిస్ అని డాక్టరు చెప్పి నాలుగేళ్లయింది. కాలు ఈడుస్తుందని, నేల ఒరిగినట్టు ఉంటుందని నీకు తెలుసు. పట్టుకుని నడిచే, కూర్చోడానికి సీటున్న చక్రాల బండి కొన్నానని మాత్రం తెలియదు. అది పడవల కొట్టంలో గోనెపట్టా కింద ఉంది. ఎవరూ చూడనప్పుడు దాంతో తిరుగుతాను. పాదాల వంక చూడొద్దని, అలసిపోకముందే ఆగి కూర్చోమని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. ఊరేగింపు మధ్యలో ఎలా కూర్చోను? నా కోసం మీరంతా రోడ్డు మీద నిలబడాలా? నన్ను బతిమాలకు తల్లీ.

నీ అమ్మ
థోరా

స్ట్రోమ్‌నెస్
సోమవారం

గడుసు మెర్రన్‌కి,

పెళ్లినాడు పొద్దున్నే నా బండికి తెల్ల రిబ్బన్లు కట్టి గుమ్మంలో పెడితే ఇక ఊరేగింపులో నడవక ఏం చేస్తాను? పడవల కొట్టంలో పెళ్లికూతురికేం పని?

ఫిడేలు వాయించేవాణ్ణి దాటి ఎవరూ అడుగు వేయకూడదు కదా. ఫిడేలు పట్టిన ఎర్లెండ్ రేవు దగ్గర ఆగాడు. "తీగ సడలింది, ఆగండర్రా!" బేకరీ ముందు మళ్లీ అదే మాట. నేను బండి సీటు మీద కూర్చుని, "ఎనభై ఏళ్లొచ్చినా శ్రుతి చేసుకోవడం రాలేదేమయ్యా?" అని దెప్పాను. "నీ సోకు చూసి తీగలు జారిపోతున్నాయే, నేనేం చేసేది!" అన్నాడు. జనం పకపకా నవ్వారు. ఈసారి నాకూ నిజంగానే నవ్వొచ్చింది. అలా అయిదుసార్లు ఆగి, నా కాళ్లతో నేనే హాలు చేరాను.

ముప్ఫై ఏళ్లలో ఎర్లెండ్ దారి మధ్యలో ఒక్కసారీ శ్రుతి చేయలేదని నిన్న ఇసా చెప్పింది. అప్పుడు వెలిగింది నాకు. నా కోసం ఆగమని అతనికి నువ్వే చెప్పావు కదూ? కోపం రాలేదే, చాలా సంతోషంగా ఉంది. బండి ఇప్పుడు గుమ్మం పక్కనే ఉంటోంది, రిబ్బన్లు కూడా విప్పలేదు.

ఒకటి చెప్పి ఆపుతాను. కాగ్ హాలంతా నాలుగు చుట్లు తిరిగాక లేచి చూశాను. మీ ఆయన గోడ పట్టుకున్నాడు, ఎర్లెండ్ ఇసాని పట్టుకున్నాడు. తిన్నగా నడిచింది నేనొక్కదాన్నే.

నీ అమ్మ
థోరా