ఓడలో పంపిన పెట్టె

మస్కట్,
ఫిబ్రవరి 2

ప్రియమైన మీకు,

మంగమ్మ రాస్తున్నది. మీ ఒంట్లో ఎలా ఉందండి? కుడికన్ను మసక అలాగే ఉందా, ఇంకా ముదిరిందా? ఉన్నదున్నట్టు రాయండి. కోడలు రామలక్ష్మికి మోకాలి వాపు తగ్గిందా? గేదె సరిగ్గా మేస్తోందా? చెరువులో చేపలు గాలి అందక తెల్లవారేసరికి పైకొచ్చి నోళ్ళు తెరవడం లేదు కదా? అన్నిటికీ వరసగా జవాబు రాయండి. ఒకటి వదిలేస్తే దానికే ఏదో అయిందని నాకు అన్నం సయించదు.

ఇక్కడ మన పద్మ, అల్లుడు దుర్గారాజు కులాసా. పాప ఒళ్ళు చేసింది. పురుడు పోయడానికి వచ్చి అప్పుడే రెండు నెలలైపోయిందంటే నమ్మలేకుండా ఉన్నాను. చెరువు గట్టు మీద పాకలో ఫోను పలకదు కాబట్టి ఈ కాగితాన్ని పద్మ ఫోటో తీసి రామలక్ష్మికి పంపుతుంది. క్యారేజీతో పాటు ఫోను తెచ్చిస్తుంది, అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుకోండి.

ఇప్పుడు నా బెంగంతా సామాన్ల గురించే. అల్లుడు వద్దంటున్నా కొంటూనే ఉన్నాడు. మనకి రెండు రగ్గులు, రామలక్ష్మికి పెనం, మీకు పాకలోకి పెద్ద టార్చిలైటు, ఖర్జూరాలు, సబ్బులు, పాలపొడి డబ్బాలు. విమానంలో ముప్ఫై కేజీలే తీసుకెళ్ళనిస్తారట. పైన ప్రతి కేజీకీ కట్టేది వింటే రగ్గులు ఇక్కడే కప్పుకుని కూర్చోవాలనిపించింది. ఊరికి వెళ్ళేవాళ్ళ చేత తలా కొంచెం పంపుదామంటే, ఎవరి సంచి వాళ్ళకే బరువు. పోస్టులో రగ్గంత మూట పంపితే రగ్గు ఖరీదు దాటిపోతుందంది పద్మ. ఇక కార్గో ఉంది. వాళ్ళు ఇంటికే వచ్చి పెట్టె తూచి పట్టుకెళ్ళి, మన కొల్లేటికోటలో గుమ్మం దగ్గర దింపుతారు. విమానం మీదైతే పది రోజులు, ఓడ మీదైతే నెలా పదిహేను రోజులు. ఓడకి విమానం ఖర్చులో మూడో వంతు కూడా అవదు. కార్గో బండి నడిపే ఏసుకుమార్‌ది మన ఆకివీడే. ఎల్లుండి తర్వాత వస్తానన్నాడు.

ఇంకో మాట. మొన్న ఇక్కడ వాన పడి వీధులు కాలవలైపోయాయి. కొల్లేరు పొంగినప్పుడు మనం పట్టా కాగితాలు కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో దాస్తాం కదండీ. అలాగే నా పాస్‌పోర్టు ఖాళీ పాలపొడి డబ్బాలో పెట్టి, పైన బియ్యం పోసి, మూత గట్టిగా బిగించాను. పద్మకి చెప్పలేదు. నవ్వుతుంది.

ఇరవయ్యో తారీకు విమానం. ఇరవై నాలుగున ఏలూరులో మీ కన్ను ఆపరేషను. ఈసారి ఎగ్గొడితే ఊరుకోను.

మీ మంగమ్మ

కొల్లేటికోట,
ఫిబ్రవరి 5

ప్రియమైన మంగకి,

నేను బాగున్నాను. కోడలి మోకాలు బాగుంది. గేదె బాగుంది. చేపలు నోళ్ళు తెరవడం లేదు, నువ్వు లేవని తెలిసి ప్రశాంతంగా ఉన్నాయి.

ఓడేమిటే? నువ్వు ఇరవైన వచ్చేస్తే పెట్టె ఎప్పుడో మార్చి నెలాఖరుకి వస్తుందా? ఈ లోపల ఉప్పుగాలికి రగ్గులు ముక్కిపోవూ? ఎలాగూ ఖర్చు పెట్టారు, ఆ నాలుగు డబ్బులకి చూసుకోకుండా విమానం మీద వేసెయ్యమను. ఊళ్ళో అందరూ మస్కట్ పెట్టె ఏదని అడుగుతున్నారు.

కన్ను గురించి ఉన్నదున్నట్టు రాయమన్నావు. మొన్న చెరువులో దోనె అక్కడే ఉందనుకుని అడుగు వేశాను. దోనె రెండు అడుగులు అవతల ఉంది. నడుం దాకా మునిగాను, అంతే. దెబ్బలేం లేవు. కోడలికి కాలు జారిందని చెప్పాను, నువ్వు కూడా అదే చెప్పు. అందుకే ఈ కాగితం ఫోటో నేనే తీసి పంపుతున్నాను. డాక్టరు గారు ఈసారి వాయిదా వేస్తే శుక్లం మరీ ముదిరి కష్టమవుతుందన్నారు. నేను వాయిదా వెయ్యను. కాకపోతే నువ్వు పక్కన లేకుండా ఆ బల్ల ఎక్కను. భయమని కాదు.

నీ పెద్దింటయ్య

మస్కట్,
ఫిబ్రవరి 9

ఏవండీ,

కంగారులో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే క్షమించండి.

నా పాస్‌పోర్టు ఓడకి వెళ్ళిపోయింది.

మీ ఉత్తరం వచ్చిన మర్నాడే కార్గో బండి వచ్చింది. నేను పాపకి నీళ్ళు పోస్తున్నాను. కాళ్ళ మీద పిల్లని పెట్టుకుని ఎలా లేస్తాను? అల్లుడు వంటింటి అలమరలో ఉన్న పాలపొడి డబ్బాలన్నీ తీసి పెట్టెలో సర్దేశాడు. రెండు కొన్నవి, మూడోది నాది. బండి వెళ్ళిపోయింది. విమానం మీద వేద్దామా అని అల్లుడు అడిగితే, నీళ్ళ గదిలోంచి "వద్దు బాబూ, ఓడే చౌక" అని అరిచింది కూడా నేనేనండి.

ఇవాళ పద్మ టిక్కెట్టులో పేరు సరిచూస్తానని పాస్‌పోర్టు అడిగింది. అలమర తెరిచి చూస్తే నా డబ్బా లేదు. పద్మ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అల్లుడు తల పట్టుకున్నాడు, "అత్తయ్య గారూ, బియ్యం డబ్బాలోనా" అని ఒక్కసారే అన్నాడు. ఏసుకుమార్ ఫోను ఎత్తడం లేదు. కొత్త కాగితాలు పుట్టించాలంటే ఎంబసీకి తిరగాలట, ఇరవైకి అందుతాయో లేదో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

నేను రాకపోతే మీరు బల్ల ఎక్కరు. మీరు ఎక్కకపోతే ఆ కన్ను పోతుంది. మీరు నీళ్ళలో పడ్డది తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు. నేను రాకపోయినా వెళ్తానని రాయండి. ఆ ఒక్క ముక్క చాలు.

మంగమ్మ

కొల్లేటికోట,
ఫిబ్రవరి 10

ప్రియమైన మంగకి,

ముందు భోంచెయ్యి.

నువ్వు పాస్‌పోర్టు పారేసుకోలేదు, భద్రంగా దాచావు. అంత భద్రంగా దాచిన వస్తువు ఎక్కడికీ పోదు. అల్లుడిని ఏమీ అనకు, ఆ డబ్బా మీద నీ పేరు రాసి లేదు కదా.

నువ్వడిగిన ముక్క రాస్తున్నాను. నువ్వు రాకపోయినా ఇరవై నాలుగున వెళ్తాను. రామలక్ష్మిని తోడు తీసుకెళ్తాను. ఒట్టు. భయం లేదని పోయిన ఉత్తరంలో రాసింది అబద్ధం, కానీ వెళ్తాను.

నీ పెద్దింటయ్య

మస్కట్,
ఫిబ్రవరి 13

ప్రియమైన మీకు,

దొరికిందండి! దొరికింది!

మీ ఉత్తరం చదువుకుని ఏడ్చి, రెండు ముద్దలు తిని, అల్లుడిని బయల్దేరదీశాను. ఏసుకుమార్ ఊళ్ళు తిరిగి నిన్ననే వచ్చాడు. "పిన్నిగారూ, మీ పెట్టె ఇంకా గోడౌన్లోనే ఉందండి. ఓడ మీద వెళ్ళే కంటైనరు ఆకివీడులో షేర్ ఆటో లాంటిది, నిండితేగానీ కదలదు. అందుకే చౌక" అన్నాడు. విమానం మీద వేసుంటే ఆ వేళే ఎగిరిపోయేదట! ఇప్పుడనండి నన్ను పిసినారని.

గోడౌన్లో మన పెట్టెలాంటివి వందలున్నాయి. అన్నీ ఒకే రంగు. మా పేరున్నది అడుగు వరసలో దొరికింది. ఏసుకుమార్ టేపు కోసి, "ఏ డబ్బా అండీ?" అన్నాడు. మూడూ ఒక్కలాగే ఉన్నాయి. కంగారులో నేనొకటి లాగి మూత పీకాను, పాలపొడి నా ముఖాన లేచింది. రెండోదీ అంతే. అల్లుడు చేతులు కట్టుకుని అటు తిరిగిపోయాడు, భుజాలు ఊగుతున్నాయి. మూడో డబ్బా కదిపితే గలగలమంది. బియ్యం అండి, మన బియ్యం! "అందరూ బరువు తగ్గించుకుంటారు పిన్నిగారూ, మీరు మనుషులు తిరిగెళ్ళే కాగితాన్నే పంపేస్తున్నారు" అన్నాడు ఏసుకుమార్. నేను తెల్లగా పిండి పూసుకున్న ముఖంతో నవ్వుతుంటే అక్కడి కుర్రాళ్ళంతా నవ్వారు.

పెట్టె మళ్ళీ కట్టించాం. ఓడ మీదే వెళ్తుంది. మీ రగ్గులు ఎప్పుడొస్తే అప్పుడే కప్పుకోండి. పాస్‌పోర్టు ఇప్పుడు పద్మ బీరువాలో ఉంది, తాళం కూడా పద్మ దగ్గరే. నా చేతికి ఇవ్వొద్దని నేనే చెప్పాను.

ఇరవైన హైదరాబాదులో దిగి, రైల్లో ఇరవై ఒకటి పొద్దున్న ఏలూరు వస్తాను. స్టేషనుకి మీరు రావద్దు, మెట్ల మీద ఆ కంటితో తిరగకండి. రామలక్ష్మిని పంపండి. ఆసుపత్రికి పద్మ చేత ఫోను చేయించాను. మీ పక్కన నన్ను ఉండనిస్తారా అని అడిగితే, లోపల బల్ల దాకా కుదరదు, తలుపు బయట కుర్చీ వేస్తామన్నారు. ఆ కుర్చీలోంచి లేవను. ఫిబ్రవరి ఇరవై నాలుగు, మంగళవారం, పొద్దున్న తొమ్మిదింటికి.

మీ మంగమ్మ