అత్తయ్యగారి వెదురు కర్ర

అత్తయ్యగారూ,

మీరు పోయి రేపటికి ఏడాది. వంటింటి గుమ్మం దగ్గర, మీ పీట మీద, బోర్లించిన మీ కుండ ముందు ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను. మీకిష్టమని రేపటి కోసం పూతరేకులు తీస్తున్నాను. రేకు ఇంకా మీ అంత పల్చగా రావడం లేదు.

ఇవాళ మీ అబ్బాయి కాకినాడ నుంచి రిమోట్ తెచ్చి పెట్టించారు. ఎక్కడినుంచైనా లైట్లూ ఫ్యాన్లూ ఆపేయొచ్చట, కరెంటు వృథా కాదట. వీధి అరుగు మీద నిలబడి, "హాల్లో లైటు ఆపేస్తున్నా, చూడండి" అని పక్కింటాయనకి చూపిస్తూ నొక్కారు. లైటు ఆరలేదు, ఫ్యాను తిరిగింది. పళ్లెంలో పేర్చిన రేకులన్నీ లేచి ఇల్లంతా, అరుగు దాకా ఎగిరాయి. "ఆపండీ!" అని అరిచాను. కంగారులో ఆయన ఏది నొక్కినా ఫ్యాను ఇంకా జోరందుకుంది.

నా చేతుల నిండా పిండి. గోడవారన మీ వెదురు కర్ర కనిపించింది, కొసకి పాత చెప్పు ముక్క కట్టినది. పీట మీంచి లేవకుండా దాంతో ఎన్ని ఫ్యాన్లు ఆపేవారో! "ఎవరూ లేని గదిలో గాలి ఎవరికమ్మా?" అనేవారు. అప్పుడు మీ చాదస్తానికి నవ్వుకునేదాన్ని.

కూర్చున్న చోటి నుంచే కర్ర చాపి స్విచ్చి నొక్కాను. ఫ్యాను ఆగింది.

మీ అబ్బాయి నెత్తి మీద రేకుతోనే లోపలికొచ్చి, "అమ్మ కర్ర! ఎక్కడ దొరికిందే?" అన్నారు.

"ఎక్కడికీ పోలేదండీ. ఆవిడ పెట్టిన చోటే ఉంది."

ఆయన రిమోట్ పక్కన పెట్టి, నేల మీద కూర్చుని, రేకులు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టారు.