రోజూ మింగే బిళ్ళ

పెదనాన్నకు నమస్కారం.

విజయవాడ నుంచి మీ తమ్ముడి కూతుర్ని రాస్తున్నాను. తెరేసమ్మ టీచర్ గారు ఇది చదివి వినిపించేటప్పుడు నాన్న పక్కన లేకుండా చూసుకోండి.

షేర్లలో సాఫ్ట్‌వేర్ కంపెనీలు మేలా, మందుల కంపెనీలు మేలా అని నాన్న నన్ను అడిగారు. విదేశాల నుంచి వచ్చే పనులు తగ్గితే సాఫ్ట్‌వేర్ పడిపోతుంది, ఒక్క మందుకు అనుమతి రాకపోయినా మందుల కంపెనీ పడిపోతుంది, ఏది మేలో నాకు తెలియదన్నాను. నాన్న నవ్వారు. "బీపీ బిళ్ళ మానేసేవాడెవడమ్మా? వరి దెబ్బతిన్నా మినుము ఆదుకున్నట్టు మందులే ఆదుకుంటాయి" అన్నారు. ఉమ్మడి పొలం అమ్మి, తన వాటా అంతా తాను రోజూ మింగే బిళ్ళ చేసే కంపెనీలోనే పెడతారట.

కాళ్లు పట్టుకుని వద్దన్నాను. "చదువుకున్నదానివి, తెలిసీ దాస్తున్నావు" అంటున్నారు. మన ఇంట్లో బడికి వెళ్లింది నేనొక్కదాన్నే కదా, నాకు తెలియదంటే ఎవరూ నమ్మడం లేదు.

సోమవారం పామర్రులో రిజిస్ట్రేషన్. మీ వేలిముద్ర లేకుండా పొలం అమ్ముడుపోదు. ఆ పొలం తప్ప అమ్మకూ నాన్నకూ వేరే ఆధారం లేదు. మీరు వెళ్లకండి పెదనాన్నా.

నాకు నిజంగా తెలియదు. మీరైనా నమ్మండి.